చెన్నై ఉక్కపోతలో జారే గోల్ఫ్ గ్రిప్పులు: ఏవి ఎంచుకోవాలి, ఎలా మార్చుకోవాలి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. నేను ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అక్కడే తెలిసిపోతుంది. బెంగళూరులో రెండేళ్లపాటు ఏ ఇబ్బందీ పెట్టని గ్రిప్పులు (గోల్ఫ్ ఆడే కర్రలైన క్లబ్బుల పిడికి ఉండే రబ్బరు తొడుగులు), మీరు చెన్నైకి బదిలీ అయి వచ్చిన ఆరు నెలలకే, ఆరో హోలు దాటేసరికి చేతిలో తిరిగిపోతున్నాయి. దుకాణంలో చూపిస్తే సైజు చాలడం లేదని, మామూలు స్టాండర్డు కంటే ఒక మెట్టు లావైన మిడ్‌సైజు వేయించుకోమని అన్నారు. మీ ఐరన్లకు (అంకెలతో పిలిచే లోహపు తల క్లబ్బులు) స్టీలు షాఫ్టులు (కడ్డీలు), అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవరుకు గ్రాఫైటు షాఫ్టు ఉన్నాయి. గ్లవ్ సైజు మీడియం లార్జ్. వారానికి రెండు రౌండ్లు ఆడుతున్నారు. కొత్తవి ఏ రకం కొనాలి, వాటిని ఇంట్లోనే వేసుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను పుట్టింది నెల్లూరులోనే అయినా ఇరవై రెండేళ్లుగా చెన్నైలోనే ఆడుతున్నాను. నా క్లబ్బులకూ, అడిగిన మిత్రుల క్లబ్బులకూ మా ఇంటి బాల్కనీలోనే గ్రిప్పులు మారుస్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నాకు తోచినంతవరకు మీకు కావలసింది పెద్ద గ్రిప్పు కాదు, చెమటను తట్టుకునే గ్రిప్పు. అదైనా, ఇప్పుడున్నవాటిని ఒకసారి శుభ్రంగా కడిగి చూసిన తరువాతే కొనండి.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్బులో ఆడినా, దొమ్మలూరు వైపున్న కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో, అంటే మైదానంలో, ఆడినా, ఉదయం పూట అరచేతిలో పుట్టిన తడి గాలికే ఆరిపోతుంది. ఇక్కడ నందనంలోని కాస్మో (కాస్మోపాలిటన్ క్లబ్బు) కోర్సులో ఏడు గంటలకే గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. మనం రోహిణీ కార్తె అనే రోజులకు కాస్త ముందు నుంచే ఇక్కడివారు కత్తిరి అంటూ భయపడే ఎండలు మొదలవుతాయి, అప్పుడు చెమట ఆరే మాటే ఉండదు. చర్మానికీ రబ్బరుకూ మధ్య పలుచని నీటి పొర నిలిస్తే అది కందెనలా పనిచేస్తుంది. క్లబ్బు జారుతుందేమోనన్న అనుమానం రాగానే, మనకు తెలియకుండానే వేళ్లు బిగుస్తాయి. వేళ్లతోపాటు ముంజేతి కండరాలు బిగుస్తాయి, మణికట్టు మడత పడదు, బంతి దూరం పోదు. ఆటలో తప్పు వెతుక్కుంటూ కోచ్ దగ్గరికి వెళ్లి, చివరికి గ్రిప్పులు మార్చుకున్నాక కుదుటపడినవారిని నేను చాలామందిని చూశాను.

ఇక కడగడం. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి, మెత్తని బ్రష్షుతో గ్రిప్పు పొడవునా రుద్ది, షాఫ్టు లోపలికి నీళ్లు పోకుండా క్లబ్బును తలకిందులుగా కాక వాలుగా పట్టుకుని కడిగి, తువ్వాలుతో తుడిచి నీడలో ఆరనివ్వాలి. మా అపార్టుమెంటులోని ఒక పెద్దాయన గ్రిప్పులు అరిగిపోయాయని కొత్త సెట్టు కొనబోతుంటే, ఆగండి బాబాయ్ అని ఆయన ఏడో ఐరన్‌ను నేనే కడిగాను. రెండు నిమిషాలకే బకెట్టులోని నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి. చెమటలోని ఉప్పు, చర్మపు జిడ్డు, ఎండకు రాసుకునే క్రీము, ఆయన తలకు పట్టించే కొబ్బరినూనె, అన్నీ కలిసి రబ్బరు మీద ఒక పూతలా పేరుకున్నాయి. కడిగిన తరువాత ఆ గ్రిప్పులు మరో నాలుగు నెలలు పనిచేశాయి.

కడిగి ఆరిన తరువాత కూడా కింది చేతి బొటనవేలు ఆనే చోట అద్దంలా మెరుస్తుంటే, లేదా గోటితో నొక్కినప్పుడు రబ్బరు లోపలికి దిగకుండా గట్టిగా ఉంటే, లేదా గ్రిప్పును కొద్దిగా వంచినప్పుడు వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే, దాని ఆయుష్షు తీరినట్లే. ఏడాదికి ఒకసారి గానీ, 40 రౌండ్లకు ఒకసారి గానీ మార్చుకోవాలని తయారీదారులు చెప్పే లెక్క ఒకటి ఉంది. వారు అమ్ముకునేవారు కాబట్టి ఆ లెక్కను నేను కొంత తగ్గించే తీసుకుంటాను, కానీ మీరు వారానికి రెండు రౌండ్లు ఆడితే ఐదు నెలలకే 40 నిండుతాయన్నది గుర్తుంచుకోండి. సాధన మైదానమైన రేంజిలో కొట్టే బంతులు దానికి అదనం. పైగా ఎండలో నిలిపిన కారు డిక్కీలో బ్యాగు వదిలేసే అలవాటుంటే, ఆడినా ఆడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. నున్నబడిన రబ్బరును సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది మరికొన్ని రౌండ్లు నెట్టుకురావచ్చు. టోర్నమెంటు రేపు, గ్రిప్పులు రావలసింది వచ్చే వారం అన్నప్పుడు నేనూ అదే చేశాను.

రకాల విషయానికి వస్తే, ఒకప్పుడు గ్రిప్పులంటే షాఫ్టు చుట్టూ చుట్టిన తోలు పట్టీలే. 1925లో మొదలైన లాంకిన్ సంస్థ తోలు గ్రిప్పులతోనే పేరు తెచ్చుకుంది. 1949లో మొదలైన గోల్ఫ్ ప్రైడ్ లాంటివి షాఫ్టు మీదికి తొడిగే రబ్బరు గ్రిప్పులను ఇంటింటికీ తెచ్చాక, ఈ పని మనలాంటివారు బాల్కనీలో కూర్చుని చేసుకోగలిగేదిగా మారింది. ఇప్పుడు దొరికేవాటిని స్థూలంగా మామూలు రబ్బరు, నూలు దారం కలిపిన కార్డ్, పాలియురేథేన్ చుట్టు, ఈ మూడింటి కలగలుపులు అనుకోవచ్చు. మామూలు రబ్బరు చవక, చేతికి హాయి, బెంగళూరు వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది. పాలియురేథేన్ రకాలు మెత్తగా, కొద్దిగా అంటుకున్నట్లుగా ఉంటాయి. వేళ్ల కీళ్లనొప్పులున్న పెద్దవారికి నేను మొదట చెప్పేది అవే. అయితే వాటి పైపొర త్వరగా అరుగుతుంది, అరిగాక తడిలో బాగా జారుతుంది.

మీ అవసరానికి చూడవలసింది కార్డ్. రబ్బరును అచ్చు పోసేటప్పుడే అందులో నూలు దారాలు కలుపుతారు. పైకి తేలిన దారపు కొసలు తడిని పీల్చుకుంటూ, చర్మాన్ని నీటి పొర మీద జారనివ్వకుండా పట్టి ఉంచుతాయి. అందుకే చేతులు బాగా చెమటపట్టేవారు, వానలో ఆడేవారు దాన్ని కోరుకుంటారు. దాని దోషం కూడా ఆ దారాల్లోనే ఉంది. పూర్తి కార్డ్ గ్రిప్పును గ్లవ్ లేని చేతితో రోజూ వంద బంతులు కొడితే అరచేయి కాయలు కాస్తుంది, గ్లవ్ కూడా తొందరగా చిరుగుతుంది. దీనికి మధ్యేమార్గంగా వచ్చినవే పై సగం కార్డ్, కింది సగం మెత్తని రబ్బరుతో చేసేవి. గోల్ఫ్ ప్రైడ్ వారి మల్టీకాంపౌండ్ ఆ తరహాదే. కుడిచేతి ఆటగాడి పై చేయి ఎడమది, దానికి గ్లవ్ ఉంటుంది కాబట్టి గరుకుదనం బాధించదు. క్లబ్బు తిరిగిపోకుండా ఆపే భారం ఎక్కువగా ఆ చేతి చివరి మూడు వేళ్లదే కాబట్టి కార్డ్ ఉండవలసిన చోటే ఉన్నట్లవుతుంది. మీరు వారానికి రెండుసార్లు ఆడుతున్నారు కాబట్టి నా సలహా ఈ సగం కార్డ్ రకమే. గ్లవ్ లేకుండా ఆడేవారైతే నా సమాధానం వేరుగా ఉండేది.

సైజు గురించి దుకాణంవారు చెప్పినదాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చను. లావు గ్రిప్పును అంతగా బిగించి పట్టుకోనక్కరలేదన్న మాటలో కొంత నిజముంది. కానీ నూనె రాసిన కర్ర సన్నదైనా లావుదైనా జారుతుంది. చేతికి సైజు చూసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది: గ్లవ్ వేసుకుని ఎడమచేతితో మాత్రమే క్లబ్బును ఆడేటప్పటిలాగే పట్టుకోండి. మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు బొటనవేలి మొదట్లో ఉండే కండను తాకీ తాకనట్లు ఆనితే సైజు సరిపోయినట్లు. ఆ కండలోకి గుచ్చుకుంటే గ్రిప్పు సన్నది, మధ్యలో ఖాళీ మిగిలితే లావుది. కొలత కావాలంటే మణికట్టు మడత నుంచి మధ్యవేలి కొస వరకు స్కేలుతో చూడండి. సుమారు 7 అంగుళాల నుంచి 8¾ వరకు స్టాండర్డు, 8¼ నుంచి 9¼ వరకు మిడ్‌సైజు, అంతకు మించితే జంబో అని సాధారణంగా వాడే పట్టిక. రెండు శ్రేణులూ ఒకదానిలో ఒకటి చొరబడి ఉండటం మీరు గమనించే ఉంటారు. అక్కడ పట్టిక కాదు, పైన చెప్పిన వేలి పరీక్షే తీర్పు చెప్పాలి. మీడియం లార్జ్ గ్లవ్ వేసుకునే చేయి చాలావరకు స్టాండర్డులోనే పడుతుంది.

రెండింటికీ మధ్య పడితే మిడ్‌సైజుకు వెళ్లనక్కరలేదు. గ్రిప్పు కింద మాస్కింగ్ టేపు అదనంగా ఒక్కో చుట్టు వేస్తే వ్యాసం సుమారు అంగుళంలో 64వ వంతు పెరుగుతుందని ఈ పనిలో ఉన్నవారి లెక్క. నాలుగు చుట్లు వేస్తే స్టాండర్డు గ్రిప్పే దాదాపు మిడ్‌సైజు అవుతుంది. సన్న గ్రిప్పుతో బంతి ఎడమకు, లావు గ్రిప్పుతో కుడికి పోతుందని తరచూ వినిపించే మాటను నేను సగమే నమ్ముతాను. గ్రిప్పు మార్చి స్లైస్ (బంతి కుడికి వంగిపోయే లోపం) పోగొట్టుకున్నవారు నాకింకా తారసపడలేదు.

కొనేటప్పుడు చాలామంది చూడని అంకె ఒకటి ఉంది. గ్రిప్పు మూతి (తెరిచి ఉన్న కొస) దగ్గర లోపలివైపు ఎం 58 ఆర్ అనో, ఎం 60 ఆర్ అనో ఉంటుంది. ఎం అంటే పురుషుల సైజు. 58, 60 అన్నవి గ్రిప్పు లోపలి రంధ్రపు కొలత, అంటే 0.580 అంగుళం, 0.600 అంగుళం, ఆర్ అంటే లోపల గుండ్రంగా ఉన్నదని. మీ షాఫ్టు పైకొన 0.600 అయి, మీరు 58 రకం తెచ్చి ఎక్కిస్తే రబ్బరు సాగి, గ్రిప్పు కొద్దిగా లావవుతుంది. తిరగేసి చేస్తే సన్నబడుతుంది. సైజు సరిపోలేదని కొందరు విసుక్కునేది అసలు ఈ పొరపాటు వల్లే. అలాగే కొన్ని గ్రిప్పులకు అడుగున పొడవునా సన్నని గట్టులాంటిది ఉంటుంది, క్లబ్బు ఫేసు (బంతిని కొట్టే ముఖం) ఎటు ఉందో వేళ్లకు తెలియడానికి. ఐరన్లకు అది మీ ఇష్టం. తల దగ్గర స్క్రూ విప్పి లాఫ్టు (ఫేసు వాలు) మార్చుకునే డ్రైవరుకు మాత్రం గుండ్రని గ్రిప్పే వేయండి. అలాంటి డ్రైవర్లలో చాలావాటికి సెట్టింగు మార్చినప్పుడు షాఫ్టు తిరుగుతుంది, దానితోపాటు గట్టు కూడా తప్పుడు చోటికి పోతుంది. నేనైతే బొమ్మలూ అక్షరాలూ కూడా కిందివైపుకు తిప్పి వేస్తాను.

బరువు సంగతి ఒక్క మాటలో: స్టాండర్డు గ్రిప్పు సుమారు 50 గ్రాములుంటుంది, పైకొసన నాలుగైదు గ్రాములు పెరిగితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల వైపు తెలిసే బరువు కొలత) ఒక పాయింటు తగ్గి, తల తేలికైనట్లు అనిపిస్తుంది. కాబట్టి ఇప్పుడున్న గ్రిప్పు బరువు తెలుసుకుని దానికి దగ్గరగా ఉన్నదే కొనండి. నిబంధనల విషయంలో, బంతిని హోలులోకి దొర్లించే పట్టర్ తప్ప మిగిలిన క్లబ్బుల గ్రిప్పులు, పైన చెప్పిన సన్నని గట్టు మినహా, అడ్డుకోతలో గుండ్రంగా ఉండాలి, వేళ్లు కుదిరేలా గుంటలు పోసినవి చెల్లవు. పేరున్న కంపెనీల సరుకు కొన్నంతకాలం మీకు ఆ బెంగ లేదు.

ఇంట్లో మార్చుకోవచ్చా అంటే, నిస్సందేహంగా మార్చుకోవచ్చు. కానీ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి గ్రాఫైటు డ్రైవరు గ్రిప్పును ఐరన్లకు కోసినట్లే మామూలు బ్లేడుతో నిలువునా చీల్చాను. మూతి దగ్గర షాఫ్టు మీద గోటిగీతంత గాటు పడింది. రంగు పోయిందిలే అనుకుని కొత్త గ్రిప్పు వేసేశాను. మూడు వారాల తరువాత రేంజిలో ఒక డ్రైవు కొట్టగానే టప్పున శబ్దం వచ్చింది, చేతిలో గ్రిప్పు మిగిలింది, మిగతా క్లబ్బు యాభై గజాల అవతల పడింది. గ్రాఫైటు అంటే కార్బన్ నారపోగులు. పై పోగు తెగితే ఆ చోటు నుంచే విరుగుతుంది. కాబట్టి గ్రాఫైటుకు కొంకి ఆకారపు బ్లేడు వాడి, మొనను షాఫ్టుకు తగలనివ్వకుండా పైకి ఎత్తి పట్టి, మీ వైపు కాకుండా అవతలివైపుకు కోయాలి. స్టీలుకు ఈ భయం లేదు, వేళ్ల భయం మాత్రమే.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. రెండు అంగుళాల వెడల్పున్న రెండువైపులా అంటుకునే టేపు, రంగుల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్, ఒక పాత తువ్వాలు, కింద పట్టడానికి ఒక ట్రే, షాఫ్టును కదలకుండా బిగించి పట్టే వైస్ ఉంటే మరీ మంచిది. వైస్‌లో బిగించేటప్పుడు షాఫ్టుకు నేరుగా ఇనుము తగలకూడదు. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తిరగకుండా ఉండేంతవరకే బిగించండి. నేను వైస్ కొనకముందు మా తమ్ముడే వైస్. టర్పెంటైన్ బదులు పెట్రోలు వాడేవారున్నారు, మూసిన గదిలో దాని ఆవిరి అంటుకుంటే ఇల్లే పోతుంది. కిరోసిన్ జిడ్డు వదిలిపోతుంది, గ్రిప్పు ఎన్నటికీ పట్టుకోదు. థిన్నర్ అయితే రబ్బరునూ షాఫ్టు రంగునూ కూడా తినేస్తుంది. టర్పెంటైన్‌తో చేసినా కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి.

పాత గ్రిప్పు ఊడిన తరువాత దాని కింది టేపు మొత్తం పోవాలి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కాస్త వేడిచేస్తే పట్టీలా లేచి వస్తుంది, మిగిలిన జిగురును టర్పెంటైన్‌తో తుడవాలి. పాత గ్రిప్పు మూతి ఎంతవరకు ఉందో తీసేముందే గుర్తు పెట్టుకోండి. కొత్త టేపును పొడవుగా ఒకే పట్టీగా అంటించాలి. 0.600 అంగుళం షాఫ్టు చుట్టుకొలత 1.9 అంగుళాలకు కొద్దిగా తక్కువ కాబట్టి రెండు అంగుళాల టేపు దాదాపు ఒక చుట్టు వస్తుంది, అంచులు ఒకదానిమీద ఒకటి కొద్దిగానే ఎక్కుతాయి. పైకొసన అర అంగుళం టేపు ఎక్కువ వదిలి, దాన్ని మెలిపెట్టి షాఫ్టు రంధ్రంలోకి దూర్చేయండి; ద్రవం లోపలికి పోదు.

తరువాత టేపు పైకాగితం తీసి, గ్రిప్పు మూసి ఉన్న కొసలోని చిన్న రంధ్రాన్ని బంతిని నిలబెట్టే పుల్లలాంటి టీతో మూసి, లోపల రెండు మూడు చెంచాల టర్పెంటైన్ పోసి, మూతిని బొటనవేలితో మూసి బాగా కుదిపి, ఆ ద్రవాన్నే టేపు పొడవునా ధారగా పోయాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. గ్రిప్పు సగంలో ఆగిపోయేది తడి చాలకే. మూతిని కొద్దిగా నొక్కి షాఫ్టు కొసకు ఎక్కించి, టీ తీసేసి, ఒకే ఊపున చివరిదాకా తోయండి. టేపు తడిగా ఉండే ఆ కాసేపట్లోనే క్లబ్బు ఫేసును నిటారుగా పెట్టి గ్రిప్పు మీది గుర్తులు దానికి సూటిగా ఉన్నాయో లేదో చూసి సరిచేయాలి. మూతిని పట్టుకుని కిందికి లాగకండి. సాగిన రబ్బరు సన్నబడుతుంది, అలా లాగిన సెట్టులో ఒక్కో క్లబ్బు ఒక్కో సైజు అవుతుంది. ముందుగా పెట్టిన గుర్తు దగ్గరే ఆపితే అన్నీ ఒకేలా వస్తాయి.

రెండు గంటల్లో ఆడేయవచ్చని కొందరంటారు. మన గాలిలో నేను ఒక రోజంతా వదిలేస్తాను. ఒకసారి తొందరపడి సాయంత్రమే ఐదో ఐరన్ కొడితే, మూడో బంతికే గ్రిప్పు షాఫ్టు మీద పావు వంతు తిరిగింది, మళ్లీ కోసి పారేయవలసి వచ్చింది. నీళ్లతో పనిచేసే టేపులు కూడా దొరుకుతాయి, వాసన గొడవ ఉండదు గానీ ఇక్కడ మరీ నెమ్మదిగా ఆరతాయి.

కొత్తవి వేసుకున్నాక కూడా చెమట చెమటే. రెండు గ్లవ్‌లు ఉంచుకుని మూడేసి హోళ్లకు మార్చుకుంటూ, తీసినదాన్ని బ్యాగుకు తగిలించి ఆరనివ్వండి. చేతికి పొడి రాసుకోవడానికి నియమాలు అడ్డు చెప్పవు. ఆట అయిపోగానే గ్రిప్పులను తడిగుడ్డతో తుడిచి, బ్యాగును డిక్కీలో కాక ఇంట్లో పెట్టుకోండి.

పట్టర్‌ను ప్రస్తుతానికి వదిలేయండి; దాన్ని గట్టిగా ఊపే పని లేదు కాబట్టి మీ సమస్య అక్కడ లేదు. బ్యాగులోని పద్నాలుగు క్లబ్బుల్లో అది పోగా మిగిలే పదమూడింటికీ ఒకేసారి కొనకండి. ముందు సగం కార్డ్ స్టాండర్డు గ్రిప్పులు రెండే తెప్పించుకుని, ఒకటి ఏడో ఐరన్‌కు మామూలుగా, మరొకటి ఎనిమిదో ఐరన్‌కు కింద రెండు చుట్లు మాస్కింగ్ టేపు అదనంగా వేసి బిగించండి. రెండూ స్టీలు షాఫ్టులే కాబట్టి చేయి తిరగడానికి కూడా అవే మంచివి. నాలుగు రౌండ్లు ఆడి, పన్నెండో హోలు దాటాక చేయి బాగా తడిసినప్పుడు ఈ రెండింటిలో ఏది బిగించకుండా నిలుస్తుందో చూసుకుని, మిగిలిన పదకొండూ అలాగే చేయండి.